వెంకటవ్వకు కరెంటు పెట్టిన రోజులు

క్యాన్సరు రోగులకు యంత్రం కింద ఇచ్చే కిరణాల చికిత్సను సూరత్‌లో ‘షేక్’ అంటారు. కాపడం అని అర్థం. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్ళు దాన్నే ‘కరెంటు పెట్టడం’ అంటారు. మొదటిరోజు చికిత్స అయి బయటికి వచ్చిన వెంకటవ్వకు ఆ రెండు మాటలూ అబద్ధంగానే తోచాయి.

“వేడి లేదు, షాకు లేదు. పండవెట్టిన్రు, తలుపేసుకున్నరు, మల్ల తలుపు తీసి లెవ్వమన్నరు. గంతే. నిజంగ ఏమన్న వెట్టిన్రా, ఉత్తగనే పంపిన్రా?” అని కూతుర్ని అడిగింది.

“పెట్టిన్రు అవ్వా. అది కండ్లకు కనబడది, ఒంటికి తెల్వది,” అంది సంతోషి.

“నీకెట్ల తెలుసు?”

“నా సదువే గది గదనే.”

వెంకటవ్వ కూతురి మొహంలోకి కాసేపు చూసి, కొంగు సర్దుకుని నడిచింది. ఆమెకు కూతురి చదువు మీద గౌరవం ఉంది కానీ, అది ఏం చదువో ఎన్నిసార్లు విన్నా పట్టుబడలేదు.

సంతోషి సూరత్‌లోని ఉధ్నాలోనే పుట్టింది. తండ్రి పరుశురాం సిరిసిల్ల పక్క పల్లె నుంచి పెళ్ళికి ముందే వచ్చి పవర్‌లూమ్ కార్ఖానాలో కుదిరాడు. మున్సిపాలిటీ వాళ్ళ తెలుగు బడిలో మొదలైన పిల్ల, ఒక్కో మెట్టే ఎక్కి ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, పరిశోధనలో చేరింది. మన ఒంట్లో ఉండే పదార్థాల గుండా పోయినప్పుడు గామా కిరణాలు ఎంతెంత బలహీనపడతాయో కొలవడం ఆమె పని. పరుశురాం దాన్ని కార్ఖానాలో తన పద్ధతిలో చెప్పుకునేవాడు.

“మా సంతోషి చక్కెర డబ్బల లైటు కొట్టి, అవుతలికి ఎంతొచ్చిందో చూస్తది.”

“దానికి గూడ సదువుంటదానె?” అని తోటివాళ్ళు నోరు తెరిచేవాళ్ళు.

ఆయన చెప్పిందాంట్లో పెద్ద తప్పేమీ లేదు. ల్యాబులో సీసం దిమ్మెల మధ్య ఒక చిన్న గామా మూలం ఉంటుంది. దానికి ఎదురుగా, వచ్చిన కిరణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే డిటెక్టరు ఉంటుంది. మధ్యలో గొట్టంలో గ్లూకోజో, పిండిపదార్థమో, కొవ్వు ఆమ్లమో, మాంసకృత్తులకు పునాది అయిన అమైనో ఆమ్లమో కూరి పెడతారు. అడ్డం లేనప్పుడు ఎన్ని చేరాయి, అడ్డం పెట్టాక ఎన్ని చేరాయి అన్నదే లెక్క. తెల్లటి పొడులు, నల్లటి సీసం, తెరమీద పెరిగే అంకెలు. రెండేళ్ళుగా సంతోషి ప్రపంచం అదే.

తల్లికి గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సరని తేలినరోజు కూడా ఆమె ఉదయమంతా గ్లైసీన్ పొడిని గొట్టంలో కూరుతూనే ఉంది. ఆసుపత్రి గది తలుపు మీద ఉన్న రేడియేషన్ హెచ్చరిక గుర్తు, తన ల్యాబు తలుపు మీది గుర్తు ఒకటేనని చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కిరణాలు అవే. ఇక్కడి మూలం మాత్రం తన దగ్గరున్నదాని కంటే లక్షల రెట్లు బలమైంది. దాని కింద పడుకునేది తన తల్లి.

చికిత్స మొదలైన వారానికే లాక్‌డౌన్ వచ్చిపడింది.

యూనివర్సిటీ మూసేశారు. మగ్గాలు ఆగిపోయాయి. పగలూ రాత్రీ ఆగకుండా మోగే ఆ చప్పుడు పోయేసరికి, ఉధ్నా గల్లీలో పక్క ఒంటిగది ఖోలీలో ఎవరు దగ్గినా వినపడసాగింది. ఒకరి దగ్గుకు ఒకరు ఉలిక్కిపడే రోజులవి. ఆటోలు లేవు, బస్సులు లేవు. ఆసుపత్రి ఊరికి ఆ చివర. ఆటో కోసం రోడ్డెక్కిన పరుశురాం పిక్కల మీద లాఠీ వాతతో తిరిగొచ్చాడు.

సంతోషి ఆసుపత్రికి ఫోన్ చేసింది. “చికిత్స మధ్యలో ఆపకూడదు. ఆపితే ఇప్పటిదాకా చేసింది వృథా అవుతుంది. ఏదో ఒకటి చేసి తీసుకురండి, పోలీసులకు చూపించడానికి కాగితం మేమిస్తాం,” అన్నారు.

రేషను పంచడం కోసం తెలుగు సంఘం వాళ్ళు పెట్టిన వాట్సాప్ గ్రూపులో ఆమె తమ సంగతి రాసింది. దండాలు పెట్టే బొమ్మలు చాలా వచ్చాయి. త్వరగా కోలుకోవాలని కోరుకున్నవాళ్ళు కూడా చాలామందే. బండి మాత్రం రాలేదు. ఎవరినీ తప్పుపట్టే రోజులు కావు.

సాయంత్రానికి ఒక ఫోనొచ్చింది.

“అమ్మా, నా పేరు లలిత. ఆల్థాన్‌లో ఉంటాం. మావారు పార్థసారథి గారు హజీరా ప్లాంట్‌లో ఇంజినీరు. ప్లాంటు ఆగకూడదని వాళ్ళందర్నీ లోపలే ఉంచేశారు. కారు కింద ఊరికే పడుంది. నేను నడుపుతాను.” ఒక్క క్షణం ఆగి, “నడుపుతానంటే, లైసెన్సుంది. రోడ్డు మీద నడిపింది తక్కువ. రోడ్లు ఖాళీగా ఉన్నాయి కదా అని ధైర్యం చేస్తున్నాను. మీకు పర్లేదా?” అంది.

“పర్లేదు ఆంటీ,” అంది సంతోషి.

మర్నాడు గల్లీ మొదట్లో తెల్లకారు ఆగింది. దిగినామెకు యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నట్టున్నాయి. ముక్కుకు మాస్కు, చేతులకు గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు. వెంకటవ్వ కారు తలుపు దగ్గరికి వచ్చి, చెప్పులు విడిచి, గల్లీలోనే గోడవారగా పెట్టి, ఉత్త కాళ్ళతో ఎక్కి కూర్చుంది. అంత శుభ్రమైన సీటు ఆమె ఎన్నడూ చూడలేదు. లలిత వెనక్కి వచ్చి, వంగి, ఆ చెప్పులు తీసి వెంకటవ్వ కాళ్ళ దగ్గర పెట్టింది.

“అయ్యో, నువ్వెందుకు ముట్టినవమ్మా!” అని వెంకటవ్వ కాళ్ళు పైకి లాక్కుంది.

“అక్కడ దిగాక ఎండలో ఎలా నడుస్తారు వెంకటవ్వ గారూ? వేసుకోండి.”

వెంకటవ్వ కూతురి చెవి దగ్గరికి వంగి, “గారు అంటున్నదే నన్ను,” అంది. ఎన్నో రోజుల తర్వాత తల్లి నవ్వడం సంతోషి అప్పుడే చూసింది.

కారు ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆగిపోయి వెనక్కి జారింది. లలిత “వేంకటేశ్వరా!” అని బ్రేకు తొక్కింది. వెనక ఒక్క బండి కూడా లేకపోబట్టి సరిపోయింది. రెండు చోట్ల పోలీసులు ఆపారు. ఆసుపత్రి కాగితం చూసి, వెనక సీట్లో మనిషిని చూసి వదిలేశారు. ఆసుపత్రి చేరాక లలిత స్టీరింగ్ మీద తల ఆన్చి, ఊపిరి గట్టిగా వదిలి, “రేపు ఇదే టైముకి వస్తాను,” అంది.

అలా మొదలైంది. ఆదివారాలు పోను రోజూ వచ్చేది. పది రోజులు తిరిగేసరికి ఫ్లైఓవర్ మీద కారు ఆగడం మానేసింది, ఆవిడ దేవుణ్ణి పిలవడమూ మానేసింది.

రోగిని తప్ప ఎవర్నీ లోపలికి పంపేవాళ్ళు కాదు. వెంకటవ్వ బయటికి వచ్చేదాకా లలిత, సంతోషి కారు పక్కన వేపచెట్టు నీడలో దూరందూరంగా నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. ఒకరోజు లలిత, “ఏం చదువుతున్నావమ్మా?” అని అడిగింది. ఊరికే అడిగినవాళ్ళకు ఊరికే చెప్పే జవాబు సంతోషి దగ్గర ఒకటుంది. అదే చెప్పింది.

“గ్లైసీన్ ఒక్కటేనా? సిస్టీన్, మిథియొనీన్ కూడా పెట్టి చూశావా?” అంది లలిత.

సంతోషి తెల్లబోయింది.

“నేను కాకినాడలో కెమిస్ట్రీ చదివానమ్మా. ఎమ్మెస్సీ. తర్వాత పెళ్ళి, బదిలీలు, పిల్లాడు. మా సుహాస్ ఇప్పుడు పుణే హాస్టల్లో ఇరుక్కుపోయాడు. ఈ పేర్లు పలికి ఎన్నేళ్ళయిందో. చెప్పు, చెప్పు. వాటిల్లో సల్ఫర్ ఉంటుందిగా, తేడా వస్తుందా?”

“వస్తది ఆంటీ! బలం తక్కువున్న కిరణాలైతే సల్ఫర్‌ని గుర్తుపడ్తయి. గ్లైసీన్‌లో కంటే సిస్టీన్‌లో బాగా ఎక్కువ ఆగిపోతయి. కానీ బలమైన కిరణాలకు గా తేడాలు పట్టవు. లోపల అవ్వకు ఇచ్చేటివి గసొంటివే. చక్కెరైనా, కొవ్వైనా, కండైనా వాటికి దాదాపు ఒకటే. దారిలో ఎంత బరువు అడ్డమొచ్చిందన్నదే లెక్క.”

“అయితే మనిషి బదులు ఈ పొడులు పెట్టి చూస్తారన్నమాట.”

“అంతే. మనిషిని సీసం దిమ్మెల నడుమ కూసోబెట్టలేం గద.”

లలిత నవ్వింది. సంతోషి నవ్వలేదు. “ఏం లాభం ఆంటీ? ఈ అంకెలు ఎవరో ఎప్పుడో కొలిచేసినయే. నేను ఇంకో నాలుగు పదార్థాలకు కొలుస్త, పుస్తకం అట్టేసి లైబ్రరీల పెడ్తరు. అవ్వ లోపల గట్ల పండుకుంటే నేను చేసేది ఏం లేదు,” అంది. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు అప్పటిదాకా.

“నాకు రేపు ఆ కొవ్వు ఆమ్లాల సంగతి చెప్పు,” అంది లలిత.

చికిత్స సగం దాటాక వెంకటవ్వ నీరసపడింది. విరేచనాలతో కడుపు ఆగడం లేదు. అది మామూలేనని, మజ్జిగ తాగమని చెప్పి ఆసుపత్రిలో మాత్రలిచ్చారు. ఇంట్లో ఏం పెట్టినా “తిన్న, ఇప్పుడే తిన్న,” అనేది. ఒక పొద్దున ఆమె చీర కట్టుకుంటుంటే సంతోషి చూసింది. ఎప్పుడూ అయిదో ఆరో పడే కుచ్చిళ్ళు ఎన్ని మడతలు పెట్టినా ఇంకా గుడ్డ మిగులుతోంది. లంగా బొందు రెండు చుట్లు తిరిగింది. పొట్ట మీద ఆసుపత్రి వాళ్ళు రంగుతో గీసిన గీతలు వదులైన చర్మంలో వంకరపోయాయి.

సంతోషి కూతురిగా చూసింది ఒక క్షణమే. రెండో క్షణంలో ఆమెలో ఉన్న ఇంకో మనిషి లేచి కూర్చుంది.

దారిలో ఎంత బరువు అడ్డమొచ్చిందన్నదే లెక్క.

కిరణాలు ముందునుంచీ వెనకనుంచీ వస్తాయి. లోపలి గడ్డకు చేరేలోపు ఎంత తగ్గిపోతాయో చూసుకుని, అందుకు తగ్గట్టు యంత్రం ఎంతసేపు తెరిచి ఉంచాలో మొదట్లోనే లెక్కకట్టారు. ఆ లెక్క అప్పటి వెంకటవ్వది. ఇప్పటి వెంకటవ్వ సన్నబడింది. దారిలో కండ లేదు, కొవ్వు లేదు. అంటే అనుకున్న దానికంటే ఎక్కువ కిరణాలు లోపలికి పోతున్నాయి. గడ్డకే కాదు, పక్కనున్న పేగులకు కూడా. పేగులు దెబ్బతింటే కడుపు ఇంకా ఆగదు. ఆగకపోతే మనిషి ఇంకా సన్నబడుతుంది.

తల్లిని చాప మీద పడుకోబెట్టి, పొట్ట మీద అట్ట ఆనించి, నేల నుంచి అట్ట దాకా టేపుతో కొలిచింది.

“ఏందే ఇది, దర్జీ లెక్క?” అంది వెంకటవ్వ.

“కదలకు అవ్వా.”

చికిత్స ముందు రాసిచ్చిన కాగితంలో మందం ఎంతో ఉంది. తేడా తేలిగ్గా తీసిపారేసేది కాదు.

కారులో లలితకు చెప్పింది. చెబుతూనే, “కానీ ఆంటీ, వాళ్ళకు తెల్వదా? వాళ్ళు పెద్దోళ్ళు. నేను పొడులు కొలిచేదాన్ని. పోయి చెప్తే ఏమనుకుంటరో,” అంది.

“చెప్పొద్దు, అడుగు. అడగడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. వాళ్ళు ముందే చూసుంటే మంచిదే, నిశ్చింతగా వచ్చేద్దాం. చూడకపోతే?” అంది లలిత, కారు కొంచెం వేగంగానే నడుపుతూ.

ఆసుపత్రిలో కిరణాల లెక్కలు చూసే ఫిజిసిస్టు ధర్మిష్ఠాబెన్. మొహమంతా ప్లాస్టిక్ తొడుగు, దాని వెనక అలసిపోయిన కళ్ళు. సంతోషి గేటు దగ్గర బతిమాలుకుని లోపలికి వెళ్ళి, ఆమె గది గుమ్మంలోనే నిలబడి, హిందీలో, తడబడుతూ తన అనుమానం అడిగింది. ధర్మిష్ఠాబెన్ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా లేచి, చెక్కతో చేసిన పొడుగాటి కొలతచట్రం తీసుకుని వెంకటవ్వ దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, మొదటి కాగితం, ఇప్పటి కొలత పక్కపక్కన పెట్టుకుంది.

“నువ్వన్నది నిజమే. వారం వారం మేమే చూస్తాం. ఈసారి మావాళ్ళు సగంమంది క్వారంటైన్‌లో ఉన్నారు, ఈమె వంతు రేపోమాపో వచ్చేది. ఈ రోజే తెలియడం మంచిదైంది,” అంది. లెక్క మళ్ళీ కట్టింది. ఇంకొకరితో సరిచూపించింది. యంత్రం తెరిచి ఉంచే సమయం తగ్గించింది. డాక్టరుకు ఫోన్ చేసి పేగుల సంగతి చెప్పింది. తర్వాత సంతోషి వైపు తిరిగి, “నువ్వు ఏం చేస్తుంటావు?” అని అడిగింది.

సంతోషి చెప్పింది. ఈసారి ఊరికే చెప్పే జవాబు కాదు. గ్లైసీన్, గ్లూకోజు, కొవ్వు ఆమ్లాలు అన్నీ.

ధర్మిష్ఠాబెన్ బల్ల మీదున్న లావుపాటి పుస్తకం మీద చెయ్యి వేసింది. “ఇందులో ఉన్న పట్టికలన్నీ ఎవరో ఒకరు నీలాగే కూర్చుని కొలిచినవే కదా. వాళ్ళెవరో నాకు తెలియదు. రోజూ వాళ్ళ మీద భరోసాతో యంత్రం తెరుస్తాను,” అంది మామూలుగా, ఫైలు మూసేస్తూ.

బయటికి వచ్చి సంతోషి వేపచెట్టు కింద నిలబడింది. ఏడుపొచ్చింది. దుఃఖం కాదది. ఎక్కడో, ఏ దేశంలోనో, ఏ సీసం దిమ్మెల ముందో కూర్చుని, పొడులు కూరి, అంకెలు రాసి, వాటిని ఎవరు వాడతారో కూడా తెలియకుండా వెళ్ళిపోయిన మనుషులు ఆమెకు ఒక్కసారిగా చుట్టాలైనట్టు అనిపించింది. వాళ్ళకు దండం పెట్టుకోవడానికి ఒక దిక్కు లేదు. ఎదురుగా ఆ ఆసుపత్రి గోడ ఉంది. దానికే పెట్టుకుంది.

“ఏమన్నారు?” అని లలిత పరుగెత్తుకొచ్చింది.

“నేను అడిగింది మంచిదైందన్నరు ఆంటీ.”

లలితకు దూరం పాటించాలన్న సంగతి గుర్తులేదు. పిల్ల తలను తన భుజానికి ఆనించుకుంది.

అయితే మనిషి ఎందుకు అంతగా సన్నబడిందన్నది ఇంకా తేలలేదు. కడుపు ఆగకపోవడం ఒక్కటే కారణం కాదని లలితకు అనుమానం. మర్నాడు సంతోషి మందుల కోసం దిగినప్పుడు, కారులో వెనక్కి తిరిగి నెమ్మదిగా అడిగింది.

“వెంకటవ్వ గారూ, నిజం చెప్పండి. తినాలని లేకా, తినకూడదనా?”

వెంకటవ్వ కూతురు వస్తుందేమోనని కిటికీలోంచి చూసుకుంది.

“నీకేం తెలుస్తదమ్మా మా సంగతి. గల్లీ మొత్తానికి కలిపి గవ్వే రెండు పాయకాన్లు. ఇదివరకైతే మొగోళ్ళు పనికి పోయేటోళ్ళు. ఇప్పుడు అందరు ఇండ్లల్లనే. పొద్దుందాక లైను. నాకు కడుపు ఆగదు. ఒకనాడు లైన్లనే...” అని ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “తింటెనే గద పోవుడు. తినుడు బంద్ జేసిన. నా బిడ్డకు చెప్పకు. బాధవడ్తది. ఈ కరెంటు ఇగ చాలమ్మా. రైళ్ళు ఏస్తే ఊరికి పోతం.”

సంతోషి వచ్చి కూర్చున్నాక లలిత కారును ఉధ్నా వైపు కాకుండా ఆల్థాన్ వైపు తిప్పింది.

“ఆంటీ, ఎటు?”

“మా ఇంటికి. చికిత్స అయ్యేదాకా ఇద్దరూ నా దగ్గరే ఉంటారు. రెండు బాత్రూములున్నాయి, నేనొక్కదాన్నే ఉన్నాను. మీ నాన్నగారికి ఫోన్ చేసి చెప్పు, బట్టలు నేనే వెళ్ళి తెస్తాను.”

“వద్దమ్మా, వద్దు!” అని వెంకటవ్వ సీటు పట్టుకుంది. “మేము గా అపార్టుమెంట్లల్ల...”

“మీరు రాకపోతే నేనే వచ్చి మీ ఖోలీలో ఉంటాను. ఏది కావాలో మీరే చెప్పండి.”

గేటు దగ్గర సొసైటీ సెక్రటరీ చేతులడ్డం పెట్టాడు. బయటివాళ్ళను రానివ్వకూడదని కమిటీ నిర్ణయమట. లలిత మెల్లగా మాట్లాడే మనిషి. ఆ రోజు ఆమె గొంతు పైఅంతస్తుల దాకా వినిపించింది. “బయటివాళ్ళెవరు భాయ్? మా అక్క. ఒంట్లో బాగాలేదు. ఆసుపత్రి కాగితం ఇదిగో. కాదంటే చెప్పండి, ఇక్కడే గేటు ముందు చాప వేసి కూర్చుంటాం.” సెక్రటరీ కాగితం చదివాడు, వెంకటవ్వను చూశాడు. చెడ్డవాడేం కాదు, భయపడినవాడు. “మాస్కు తియ్యొద్దు బెన్, కింద తిరగొద్దు,” అని పక్కకు జరిగాడు. సాయంత్రం ఆయన భార్య గుమ్మం ముందు గిన్నెడు కిచిడీ పెట్టి, బెల్లు కొట్టి వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో వెంకటవ్వ మళ్ళీ తినడం మొదలుపెట్టింది. లలిత మెత్తగా వండిన అన్నంలో పలచని చారు పోసి పెట్టేది. పెసరకట్టు, మజ్జిగ, ఉడకబెట్టిన అరటికాయ. మొదట్లో వెంకటవ్వ వంటింటి గుమ్మం దగ్గర నేల మీద కూర్చునేది. లలిత కూడా కంచం తెచ్చుకుని నేల మీదే కూర్చోవడం చూసి, రెండోరోజుకి తనంతట తానే లేచి బల్ల దగ్గరికి వచ్చింది. వారం తిరిగేసరికి, “చెల్లె, నీ పప్పుల ఎల్లిగడ్డ తక్కువైంది,” అనేంత చనువొచ్చింది. లలిత కొడుకు వీడియోలో కనిపించినప్పుడు, “బక్కగైనవు బిడ్డా, మంచిగ తిను,” అని ఆమే మందలించేది.

సంతోషికి అన్నీ తర్వాత తెలిశాయి. తల్లి ఎందుకు తినలేదో లలిత చెప్పలేదు. వెంకటవ్వే ఒకరోజు తల దువ్వించుకుంటూ చెప్పింది. అప్పటికి ఆ మాట నవ్వుతూ చెప్పగలిగే స్థితికి వచ్చింది.

బయటినుంచి ఇచ్చే కిరణాలు అయిపోయాయి. లోపలినుంచి ఇచ్చే చికిత్స మరికొన్నిసార్లు జరిగింది. ఆఖరిరోజున వెంకటవ్వ బల్ల మీదనుంచి దిగి యంత్రానికి రెండు చేతులూ జోడించింది. అక్కడున్న కుర్రాళ్ళు ముందు నవ్వారు. ఆమె అటు తిరిగి వాళ్ళకు కూడా అలాగే దండం పెట్టేసరికి నవ్వాపి, వాళ్ళూ చేతులు జోడించారు.

ఆల్థాన్ నుంచి బయల్దేరుతున్నప్పుడు సంతోషి లలిత కాళ్ళకు మొక్కబోయింది. లలిత పట్టుకుని ఆపింది.

“నువ్వు నాకు మొక్కితే నేను ఎవరికి మొక్కాలి? ఆయన ప్లాంటులో, పిల్లాడు పుణేలో. మీ మెసేజ్ చూసే ముందురోజు, ఈ నాలుగు గోడల మధ్య నాకు పిచ్చెక్కుతోందని మా ఆయనకు ఫోన్‌లో చెప్పి ఏడ్చాను. మీరు పిలిచారు, వచ్చాను. అంతే కదా,” అంది. కళ్ళు తుడుచుకుని, “ల్యాబు తెరిచాక ఆ సిస్టీన్ అంకెలు నాకు పంపాలి. మర్చిపోకు,” అని కూడా అంది.

వర్షాలు మొదలయ్యాక ల్యాబు తెరిచారు. సంతోషి వెళ్ళి దుమ్ము దులిపి, డిటెక్టరు వేడెక్కేదాకా కూర్చుంది. పని అదే, పొడులవే. కానీ ఒక్కో అంకె రాసేటప్పుడు ఇదివరకు లేని శ్రద్ధ ఒకటి వచ్చి చేరింది. ఏ ఊరిలోనో ఏ ధర్మిష్ఠాబెనో దీన్ని నమ్మి యంత్రం తెరుస్తుందేమోనని, అనుమానం వచ్చిన ప్రతి కొలతా మళ్ళీ తీసేది. వెంకటవ్వ పరీక్షలన్నీ బాగున్నాయని డాక్టర్లు చెప్పిన రోజున పరుశురాం కార్ఖానాలో అందరికీ కోవా పేడాలు పంచాడు. “చక్కెర డబ్బల లైటు గాదుర బై, గా సదువు నా ఇంటామెను బతికిచ్చింది,” అన్నాడట.

మరుసటి ఏడాది రెండోసారి కరోనా జబ్బు ఊరిని కమ్మేసినప్పుడు తెలుగు సంఘం గ్రూపులో లలిత పేరుతో ఒక సందేశం వచ్చింది. షేక్ కోసం, డయాలసిస్ కోసం ఎవరైనా ఆసుపత్రికి వెళ్ళాలంటే ఫోన్ చెయ్యమని. ఆమె భర్త పార్థసారథి కూడా సెలవురోజుల్లో బండి తీసేవాడు.

ఖటోదరాలో ఉండే సోమలింగం అనే పెద్దమనిషికి గొంతులో క్యాన్సరు. చికిత్సకు అది మొదటిరోజు. కారు ఆయన ఇంటి ముందు ఆగేసరికి మనిషి గుమ్మం పట్టుకుని వదలడం లేదు. కరెంటు పెడితే లోపల కాలిపోతుందని ఎవరో చెప్పారట. లలిత ఎంత చెప్పినా వినలేదు. లలితతో వచ్చిన సంతోషి, గామా కిరణాలంటే ఏమిటో మొదటినుంచి చెప్పబోయింది. ఆయన ఇంకా బెదిరిపోయాడు.

కారు వెనక తలుపు తెరుచుకుంది. ఆ రోజు తోడు వస్తానని పట్టుబట్టి వచ్చిన వెంకటవ్వ దిగింది. ఒళ్ళు చేసిన మనిషి, ఎర్ర అంచు చీర. సోమలింగం ముందు నిలబడి నడుం మీద చెయ్యి వేసుకుంది.

“నన్ను జూడు అన్నా. నాకు గూడ వెట్టిన్రు, నెలకు మీదనే. కాలిందా ఎక్కడన్న? వేడి ఉండది, షాకు ఉండది. గది సూర్యుని వెలుగు అసొంటిదే, గాని కండ్లకు కనవడది. అది లోపలికి పోయి చెడ్డదాన్ని ఏరుకుంటది. నువ్వు చెయ్యాల్సింది ఒకటే. మంచిగ తినాలె. నువ్వు బక్కగైతే దానికి లెక్క తప్పుతది. లెక్క తప్పితే మా బిడ్డ అసొంటోళ్ళు మల్ల మొదటికెల్లి కొలవాలె. తెల్సిందా?”

సూర్యుడి వెలుగు అలాంటిది కాదని, కిరణాలు మంచిదాన్నీ చెడ్డదాన్నీ ఏరుకోలేవని సంతోషికి తెలుసు. నోరు తెరవబోయి, లలిత వైపు చూసింది. లలిత స్టీరింగ్ మీద చేతులు వేసుకుని, మాస్కు వెనక నవ్వుతోంది. సంతోషి నోరు మూసుకుంది.

సోమలింగం గుమ్మం వదిలాడు. “నిజంగ కాలదా అక్కా?” అన్నాడు.

“నడువ్, నడువ్. నేనుంట గద బయట,” అని వెంకటవ్వ ఆయన మోచెయ్యి పట్టుకుని కారు దాకా నడిపించింది.